వెనక షెడ్డులో సుద్ద సున్నాలు

ఆ వెల్డింగ్ షాపు వెనక షెడ్డుకి మంచి పేరు లేదు. పొద్దుగూకాక అక్కడ సుత్తి చప్పుడు వినిపిస్తుందట. టంగ్... టంగ్... కాసేపాగి మళ్ళీ ఒకటి. చనిపోయిన పెద్దమేస్త్రీ ఇంకా డ్యూటీ దిగలేదని పనివాళ్ళు చెప్పుకునేవాళ్ళు. చెప్పుకుని, చీకటి పడకముందే ఇళ్ళకి చెక్కేసేవాళ్ళు.

ఇప్పుడు షాపు నడిపే ఆయన అల్లుడు మాత్రం ఆ మాటలు కొట్టిపారేసేవాడు. మామగారి పాత కారు ఆ షెడ్డులోనే గోడవారగా ఉంది. తలుపుల కింద బండి బరువంతా మోసే రేకు దూలాలు తుప్పు పట్టి, వేలితో నొక్కితే పొడి రాలుతున్నాయి. "ఆదివారం మీ అమ్మని అందులో షికారు తిప్పుతా" అని భార్యకి మాటిచ్చేశాడు. ఎంత తుప్పుందో ఆ తర్వాత చూసుకున్నాడు, మహానుభావుడు.

తుప్పంతా కోసి, మంచి రేకు తగిలేదాకా వెళ్ళి అతకాలి. అంత ఓపిక ఎవరికుంది? ఈ పక్క రెండు చోట్ల, గోడ పక్క రెండు చోట్ల తుప్పు మీదే కొత్త రేకు పరిచి వెల్డు చేశాడు. గ్రైండరుతో నున్నగా చేసి రంగు పూశాడు. చూసినవాళ్ళెవరూ లేరు.

మర్నాడు పొద్దున చూస్తే— రంగు మీద సుద్దతో సున్నాలు. సరిగ్గా తుప్పు దాచిన చోటే... రెండు పక్కలా.

గబగబా తుడిచేశాడు. ఆ మర్నాడు మళ్ళీ ఉన్నాయి.

మనిషి పనే అయ్యుంటుందని తనకి తనే ధైర్యం చెప్పుకుని, ఆ రాత్రి లైటార్పి సిలిండర్ల వెనక నక్కాడు.

తలుపు కిర్రుమంది... వెన్నెల్లో మామగారి ఖాకీ కోటు లోపలికొచ్చింది. చేతిలో ఆయన సుత్తే. ఆ ఆకారం కారు పక్కన కూలబడి, దూలానికి చెవి ఆనించి... టంగ్... టంగ్... టప్.

టప్‌మన్న చోట సుద్దతో సున్నా చుట్టింది.

అల్లుడు సిలిండర్ల వెనకనుంచి బయటపడ్డాడు. "మామయ్యా... తప్పయిపోయింది... అంతా కోసేస్తా..."

"నెమ్మదండీ అల్లుడుగారూ. పక్కనే ఇల్లు, అమ్మాయి లేస్తుంది."

అత్తగారు.

"మీరా అత్తయ్యా! ఈ పని మీకెలా..."

"గ్రైండరు మోతకి మీ మామగారి చెవులు ఎప్పుడో పోయాయి. ఆయన కొట్టేవారు, నేను వినేదాన్ని. గట్టి రేకు మోగుతుంది, వెనక తుప్పుంటే మోగదు. ఆ సంగతి బయట తెలిస్తే పరువు పోతుందని రాత్రిళ్ళే చూసేవాళ్ళం." ఆవిడ గొంతు తగ్గించింది. "పగలు చెప్తే పనివాళ్ళ ముందు మీరు చిన్నబుచ్చుకుంటారు కదా."

అల్లుడికి సిగ్గూ నవ్వూ కలిసే వచ్చాయి. ఈ బండి నడిరోడ్డు మీద నడుం విరిగితే, లోపలుండేది ఈవిడే కదా అనుకున్నాడు.

"రేపే కోసి అతుకుతానత్తయ్యా. రెండు పక్కలా మీరు సున్నా చుట్టిన చోటల్లా."

"రెండు పక్కలా ఏంటి?" అందావిడ. "నేను ఈ పక్కే చూశాను. గోడ పక్క సందులో నేను పడతానా, నా మొహం."

అల్లుడు ఆవిడ చేతిలో సుద్ద వంక చూశాడు.

కారుకి అటుపక్క, చీకట్లో... ధన్! షెడ్డు రేకులు అదిరాయి.

అల్లుడు అత్తగారి కోటు అంచు పట్టేసుకున్నాడు. ఆవిడ మాత్రం గోడవైపు తిరిగి, చిరునవ్వుతో కసురుకుంది.

"అంత గట్టిగా కొట్టకండీ... నేను వింటున్నానుగా."