చల్లని ఒంటికి చీర

సుభద్ర ఒంటిమీద చీర మూడోసారి కూడా మడత పడలేదు.

చుట్టూ నిలబడ్డ ఆడవాళ్ళ తనుమడత చీరలు, అరవై ఏళ్ళుగా అందరి చీరలూ చేస్తున్నట్టే, ఒంటివేడి తగలగానే కుచ్చిళ్ళు వాటంతటవే పోసుకున్నాయి. ఆమెది మాత్రం గోనెపట్టాలా పడి ఉంది. వేడి లేని ఒంటి సంగతి నేసినవాళ్ళకు తట్టలేదు. మొన్నటిదాకా చావింట్లో ఈ పని చేత్తో చేసే ముసలమ్మలుండేవారు కనుక లోటు తెలియలేదు. ఆ ఊళ్ళో అలాంటి ఆఖరి ముసలమ్మ కిందటేడే పోయింది.

“అలాగే చుట్టేసి పంపేద్దామండి, ఇప్పుడెవరు చూస్తారు?” అంది పక్కింటి వరహాలు.

“మా అక్క నలిగిన చీరతో ఏనాడూ గుమ్మం దాటలేదండి,” అన్నాడు భాస్కరం. అని కూతురి వైపు చూశాడు.

ఇందీవర మొహం తిప్పుకుంది. పదిహేడేళ్ళ ఆ పిల్లకు జపాన్ బొమ్మల సినిమాలంటే ప్రాణం. విశాఖలో జరిగే వేషాల పోటీ కోసం, తనకిష్టమైన కత్తివీరురాలి శిరస్త్రాణాన్ని ఒకే కాగితంతో, కత్తెర తగలనివ్వకుండా, రెండు నెలలపాటు మడిచింది. నాలుగు రోజుల కిందట మేనత్త సుభద్ర దాన్ని నీళ్ళ బకెట్‌లో ముంచేసింది.

“గుడ్డలే మడుచుకునే కాలంలో నీకీ కాగితాల పిచ్చేంటే? ఎవరికి పనికొస్తాయి నీ చేతులు?” అంది.

ఈవిడ వస్తువు దేన్నీ జన్మలో ముట్టనని ఆరోజే ఇందీవర ఒట్టు పెట్టుకుంది. పోటీ రేపే.

“నీకు చేతనవుతుంది కదమ్మా,” అన్నాడు తండ్రి.

“అవుతుంది. చెయ్యను.”

“బండి వచ్చేసిందే. నలుగురిలో అక్కనిలా...”

చీర జారి సుభద్ర కాళ్ళు పిక్కలదాకా కనబడుతున్నాయి. చచ్చి కూడా సాధిస్తోంది అనుకుంటూ ఇందీవర చాపమీద కూర్చుంది. మొదటి కుచ్చి జారిపోయింది, గుడ్డ కాగితంలా మాట వినదు. విప్పి మళ్ళీ పట్టింది. బొటనవేలితో అదిమి, గోరుతో గీసి, ఏడు కుచ్చిళ్ళు పోసి నడుము దగ్గర దోపింది. ఒక్కటీ వంకర పోలేదు. కోపమూ తగ్గలేదు.

బండి కదిలాక వరహాలు దగ్గరికొచ్చి ఇందీవర చెయ్యి పట్టుకుంది. ఆవిడకు డెబ్బై దాటాయి.

“ఎవరు నేర్పారే నీకు?”

“ఎవరూ నేర్పలేదు. బకెట్‌లో తడిసిన కాగితం నేర్పింది.”

“నేను పోయినప్పుడు కూడా నువ్వే రావాలి తల్లీ.”

“నేను రాను,” అంది ఇందీవర.

వరహాలు ఆమె చెయ్యి వదల్లేదు. అదే మాట అడగడానికి ఆవిడ వెనక ఇంకో నలుగురు నిలబడి ఉన్నారు.