ఇరవై నాలుగో ఫేడర్

"మిక్సర్ గారూ, నాకు నేను వినపడట్లేదు."

మధ్యాహ్నం మూడింటి నుంచి ఇది తొమ్మిదోసారి. ఐదింటికి హాలు తలుపులు తీస్తారు.

సౌండ్ సామాను అద్దెకిచ్చి, దగ్గరుండి నడిపించేది నేనే. స్టేజీ మీద వాయించేవాళ్ళు తమ వాయిద్యాన్ని చెవిలో పెట్టుకున్న ఇయర్‌ఫోన్‌లో వింటారు, అందులోకి ఏది ఎంత పంపాలో చూసుకునేదీ నేనే. ఇలా అడుగుతున్న అమ్మాయి ఇవాళ్టి బ్యాండ్‌లో కీబోర్డ్ వాయిస్తుంది. డ్రమ్స్ వాయించే వాళ్ళన్నయ్య వచ్చీ రాగానే తేల్చి చెప్పాడు: "ఇవాళ కూడా చెల్లి చిరాకు పడిందంటే వచ్చేసారి వేరేవాళ్ళని పిలుస్తాం. ఏమీ అనుకోకు."

అనుకోకుండా ఎలా ఉంటాను? ఈ బ్యాండ్ పోతే పోయేది ఒక్క గిరాకీయే కాదు. నెలకోసారి ఆ అమ్మాయి విసుక్కునే ముఖం చూసే అవకాశం పోతుంది. లాభనష్టాలు తెలిసినవాణ్ణే గానీ, ఆ నష్టానికి మాత్రం సిద్ధంగా లేను.

"ఎంత పెంచమంటారు మేడం?"

"వినపడేంత."

"ఇప్పటికే చాలా పెంచాను."

"అయితే ఇంకెవరి చెవిలోనో పెంచుంటారు."

నా ఓపిక అడుగంటింది. ఇలాంటి వేళకి మా పనిలో ఒక కిటుకుంది. అందరి సౌండ్‌నీ కలిపే డిజిటల్ మిక్సర్ మీద ఇరవై నాలుగు ఫేడర్లు, అంటే జరిపే మీటలు, ఉంటాయి. పైకి జరిపితే సౌండ్ పెరుగుతుంది, కిందికి జరిపితే తగ్గుతుంది. ఈ బ్యాండ్‌కి పదిహేడు చాలు. చివరిదానికి ఏ వైరూ ఉండదు. దాన్ని ఆమెకు కనపడేలా, పెద్ద బరువు ఎత్తుతున్నవాడిలా మెల్లగా పైకి జరిపాను.

"ఇప్పుడు?"

ఆమె రెండు స్వరాలు నొక్కి, నా వంక చూసి, "బాగుంది" అంది.

పోయిన రెండు ప్రోగ్రాముల్లోనూ ఇంతే. ఖర్చులేని మందు.

ఊపిరి తీసుకునేలోపే ఆమె స్టేజీ దిగి వచ్చింది. చేతిలో ఫోన్. మిక్సర్ మీద ఏది కదిలినా ఫోన్లో చూపించే యాప్ అది. ఆమెకు పనికొస్తుందని ఇందాక నేనే ఎక్కించి ఇచ్చాను.

"ఇరవై నాలుగులో ఏముంది?"

"ఏమీ లేదు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"రెండు ప్రోగ్రాముల నుంచి. ఇవాళ్టితో మూడు."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. స్టేజీ మీదికి తీసుకెళ్ళి, తన ఇయర్‌ఫోన్ తీసి నా చేతిలో పెట్టింది. "అన్నయ్యా, కొట్టు" అని తనూ వాయించింది.

చెవి నిండా డ్రమ్సే. కీబోర్డ్ ఎక్కడో గోడ అవతల.

మిక్సర్ దగ్గరికి పరుగెత్తాను. మొదటి ప్రోగ్రాం తర్వాత అన్నాచెల్లెళ్ళు స్టేజీ మీద చోట్లు మార్చుకున్నారు. నేనేమో పని కలిసొస్తుందని అప్పటి సెట్టింగే ప్రతిసారీ ఎక్కిస్తున్నాను. ఆ సెట్టింగ్ మనిషిని కాదు, చోటును బట్టి పంపుతుంది; అందుకే ఆమె వినాల్సింది ఆయన చెవికి, ఆయనది ఆమెకి వెళ్తోంది. ప్రతిసారీ ఇరవై నిమిషాలు మిగుల్చుకున్నానని మురిసిపోయాను. ఇంత గుడ్డి బేరం ఎన్నడూ చెయ్యలేదు.

"మరి మీరైనా చెప్పలేదేం?" అన్నాను వాళ్ళన్నయ్యతో.

"నా డ్రమ్స్ ఎలాగూ చెవులు పగిలేలా వినపడతాయి. చెల్లి కీబోర్డ్ కూడా బాగా వినపడుతుంటే, శ్రద్ధగా చేస్తున్నావనుకున్నా."

రెండూ సరిచేశాను. ఆమె వాయించింది. కనుబొమలు మూడు నెలల తర్వాత విడివడ్డాయి.

దగ్గరికెళ్ళి అడిగాను. "మరి అన్నిసార్లూ బాగుందని ఎందుకన్నారు?"

"మీ ముఖం చూడలేక. ఇంకోసారి అడిగితే ఏడ్చేసేలా ఉంటారు."

ఇక దాచి లాభం లేదనిపించింది.

"మీ తేదీల కోసం రెండు పెద్ద ప్రోగ్రాములు వదులుకున్నాను. నేను నష్టానికి పని చేసే రకం కాదు. మీరు విసుక్కుంటే వినడానికే వస్తున్నాను. మీరంటే ఇష్టం."

ఆమె మిక్సర్ వంక వేలు చూపింది. "ఇది ఏ ఫేడర్? వైరున్నదా, లేనిదా?"

"ఉన్నదే."

"అయితే కొంచెం పెంచండి. వినపడట్లేదు."

పదోసారి! ఒళ్ళు మండి, ఆ మాటే గట్టిగా చెప్పాను.

డ్రమ్స్ వెనకనుంచి వాళ్ళన్నయ్య మైకందుకున్నాడు. "నాకు బాగానే వినపడింది బావా. తలుపులు తీయడానికి పది నిమిషాలే ఉంది, నా డ్రమ్స్ సంగతి చూడు."

ఆమె కీబోర్డ్ మీదికి తల వంచుకుంది. నా ముఖం చూడకుండానే, "ఇప్పుడు బాగుంది" అంది.