మిసాయెలా మలుపులో గరగర

చీకటి పడ్డాక మిసాయెలా మలుపు దగ్గర మావాళ్లెవరూ బండి ఆపరు. మిసాయెలా అనే ఆవిడ ఇల్లు అక్కడే ఉండేది. కొండచరియ విరిగిపడ్డ రాత్రి సన్నికల్లు ముందు కూర్చుని మొక్కజొన్నలు నూరుతోందట. తవ్వితే ఇల్లు దొరికింది, రాయి దొరికింది... మనిషి దొరకలేదు.

అప్పట్నుంచీ మంచు కమ్మిన సాయంత్రాల్లో నూరుతున్న చప్పుడు వినబడుతుందంటారు. విన్నవాళ్ల రోజులు దగ్గరపడ్డట్టే. విన్నది ఎవరికైనా చెబితే వాళ్లనీ తీసుకుపోతుందట.

మా పక్కింటి నూబియాకి ఇవన్నీ గిట్టవు. మొగుడు పోయాక అతని పాత జీపు తనే నడుపుతోంది. పొద్దున్నే తొమ్మిదిమంది కాఫీ తోటల కూలీల్ని ఎక్కించుకుని కనుమ దాటి వెళ్తుంది. ముందు సీట్లో వాళ్లత్తగారు - ట్రాన్సితో అని ఆవిడ పేరు - చీజు బుట్ట ఒళ్లో పెట్టుకుని. అమ్ముకోవడానికి పట్నం దాకా.

ఆ అక్టోబరు సాయంత్రం తిరుగు దారిలో జీపులో వాళ్లిద్దరే. కనుమ పైన మంచు ఎంత దట్టంగా ఉందంటే రోడ్డు అంచు కనబడటం లేదు. ఎదురుగా లారీ వస్తే వినబడాలని నూబియా రేడియో కట్టేసింది. అద్దం దించింది. మలుపు దగ్గరికి రాగానే బ్రేకు తొక్కింది.

గర్‌ర్‌ర్...

రాతి మీద రాయి రాస్తున్నట్టు.

కాలు తీసింది. చప్పుడు ఆగిపోయింది.

మళ్లీ తొక్కింది. గర్‌ర్‌ర్... ఈసారి ఇంకా దగ్గరగా. అత్త వైపు కిటికీ కిందే ఎవరో వంగి కూర్చుని నూరుతున్నట్టు.

"అత్తా... విన్నావా?"

ముసలావిడ జపమాల గట్టిగా పట్టుకుంది.

"నీకెందుకు వినబడిందే... నీకెందుకు?"

"అదేం మాటత్తా?"

"ఏం లేదు. ఆపకు. పోనీ... పోనీ..."

పోనివ్వడానికి అది వాలు. బ్రేకు తొక్కితే చప్పుడు. తొక్కకపోతే లోయ. నూబియా రెండో గేరులోకి దించి, పెడల్‌ని తాకీ తాకనట్టు తాకుతూ దిగింది. వీపంతా చెమట.

మలుపు వెనకబడింది. చప్పుడు వెనకబడలేదు. వంతెన దగ్గర వినబడింది. చర్చి దగ్గర వినబడింది. చివరికి వాళ్ల వాకిట్లోకి కూడా వచ్చింది.

ఇదంతా నూబియా చెప్పింది. ఆ తర్వాతది నేను కళ్లారా చూసిందే. జీపు ఆగేసరికి నేను గేటు దగ్గరున్నాను. ఇద్దరి మొహాల్లో నెత్తురు చుక్క లేదు.

"వెంట వచ్చేసింది, అర్సేసియో," అంది ట్రాన్సితో నా చెవిలో గుసగుసగా.

నూబియా నా చేతిలోని టార్చి లాక్కుంది. "దెయ్యమైతే నేను బ్రేకు తొక్కినప్పుడే ఎందుకు నూరుతుందన్నా? తెల్లారితే తొమ్మిదిమందిని ఎక్కించుకోవాలి నేను. జాకీ పట్రా."

వెనక చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టాం. నట్లు కాస్త వదులు చేసి, కుడివైపు ముందు చక్రాన్ని పైకెత్తి, కింద ఓ దుంగ ఆసరా పెట్టాం. నేను బ్రేకు పెడల్ కొద్దిగా తొక్కిపట్టుకుంటే నూబియా చక్రాన్ని చేత్తో తిప్పింది.

గర్‌ర్‌ర్...

ముసలావిడ శిలువ గుర్తు వేసుకుంది.

చక్రం ఊడదీసి టార్చి వేస్తే, వెనకున్న బ్రేకు డిస్కు నిండా నాగటి చాళ్లలా గాట్లు. దాన్ని రెండు వైపులా నొక్కిపట్టే ప్యాడ్లలో బయటిది బాగానే ఉంది. లోపలి ప్యాడ్... లేదు. పూర్తిగా అరిగిపోయి, దాని వెనకుండే ఇనప రేకే డిస్కుని కొరుకుతోంది. ప్యాడ్లని జరగనివ్వాల్సిన పిన్ను తుప్పు పట్టి బిగుసుకుపోయింది. ఒత్తిడంతా ఆ ఒక్కదాని మీదే పడింది.

"ఇదుగో అత్తా, నీ మిసాయెలా!" చల్లారాక ఆ రేకు తీసి ముసలావిడ ఒళ్లో పడేసింది నూబియా.

ట్రాన్సితో దాన్ని వేలితో తడిమింది. మెట్టు మీద కూలబడింది.

రేపు జీపు రాదని కూలీలకి ఫోన్లు చేశాం. మర్నాడు నేను బస్సులో వెళ్లి రెండు వైపులకీ ప్యాడ్లూ డిస్కులూ తెచ్చాను. ఒక్కవైపే మారిస్తే బండి పక్కకి లాగుతుంది. నూబియా పిన్నుల తుప్పు గీకి గ్రీజు పూసింది. ప్యాడ్లని నెట్టే పిస్టన్‌ని నెమ్మదిగా లోపలికి నొక్కింది. అన్నీ బిగించాక పెడల్ గట్టిపడేదాకా తొక్కింది. వాకిట్లో ముందుకీ వెనక్కీ నడిపి చూసింది. చప్పుడు లేదు.

"ఇక్కడ కాదు," అంది ట్రాన్సితో. "ఆ మలుపులో చూడాలి."

అప్పటికే చీకటి పడుతోంది. నాకు ఇష్టం లేదు... అయినా ఎక్కాను. కనుమ పైకి వెళ్లి, తిప్పుకుని, దిగాం. మలుపులో నూబియా బ్రేకు తొక్కింది.

ఏమీ లేదు.

బండి ఆగింది. ఇంజను ఆపేసింది. ఆకుల మీంచి నీటి చుక్కలు రాలుతున్నాయి, అంతే. ముసలావిడ కిటికీలోంచి తల బయట పెట్టి చాలాసేపు వింది. ఉన్నట్టుండి భోరుమంది.

"ఎనిమిది రోజులమ్మా... ఎనిమిది రోజులుగా వింటున్నా!"

నూబియా గిరుక్కున తిరిగింది. "ఏంటీ?"

"చక్రం నా పక్కనే కదా. నువ్వు అద్దం ఎక్కించుకుని, పాటలు పెట్టుకుని పోతావు. నాకొక్కదానికే వినబడుతోందనుకున్నా. నా కోసమే వచ్చిందనుకున్నా. చెబితే నువ్వు కూడా పోతావని..."

నూబియా తల స్టీరింగ్ మీద వాల్చేసింది. "తొమ్మిదిమందితో... ఎనిమిది రోజులు... ఈ వాలులో దిగానత్తా నేను."

ముసలావిడ చెయ్యి చాచి ఆమె వీపు నిమిరింది. నాకు మాత్రం లోయ వైపు చూసే ధైర్యం లేకపోయింది.

చివరికి ట్రాన్సితో ముక్కు తుడుచుకుని నా వైపు తిరిగింది.

"ఒరే అర్సేసియో... మొన్న ఆదివారం నీకిచ్చిన కోళ్లు..."

అప్పుడు అర్థమైంది నాకు. ఊరికే ఇచ్చిందనుకున్నాను. తను పోతాననుకుని ఉన్నవి పంచిపెట్టుకుందన్నమాట.

"ఆరూ ఉన్నాయా?"

"నాలుగున్నాయి పెద్దమ్మా," అన్నాను.