స్వర్ణ మొటిమలు, కనక మామిడికాయ

"ఇది ఎవులు కొరికినారు?"

మామ్మ చేతిలో సగం కొరికిన పచ్చిమామిడికాయ ఉంది. గొడ్లపాక వెనక దొరికిందట. ఇంకా తడి ఆరలేదు.

అంబలి తాగుతున్న కనకకు పొలమారింది.

డుంబ్రిగుడ దగ్గర ఆ కొండ ఊళ్లో, మామిడి కొత్త పండగ అయ్యేదాకా ఎవరూ కాయ ముట్టరు. తొలికాయ ఊరి దేవతకు పెట్టాకే మనుషుల నోటికి. పండగ ఇంకా నాలుగు రోజులుంది. ఆ పుల్లటి వాసనకు ఆగలేక, ఉప్పద్దుకుని కొరికింది ఆరో తరగతి చదివే కనకే.

"నాను కాదు మామ్మా," అంది. అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఎదురుగా తొమ్మిదో తరగతి అక్క స్వర్ణ కూర్చుని ఉంది. పది రోజులుగా ఆమె బుగ్గల మీద, నుదుటి మీద ఎర్రగా మొటిమలు లేస్తున్నాయి.

"అప్ప మొకం సూడు. కొత్త సెయ్యకుండా తింటే పొక్కులు రావా?"

ఆ మాట కనక అప్పటికప్పుడు అల్లింది. కానీ మామ్మ చూపు స్వర్ణ మీద నిలబడిపోయింది.

"నాను తిన్లేదు మామ్మా," అంది స్వర్ణ.

"మరి మొకాన అవేటి?"

స్వర్ణ బుగ్గలు తడుముకుంది. అవి ఎందుకొచ్చాయో తనకూ తెలీదు.

"పండగనాడు నువ్వు థింసా ఆడొద్దు. ఇంట్లోనే కూకో."

చేయీ చేయీ కలిపి అడుగు వేసే ఆ ఆట కోసం స్వర్ణ ఏడాదంతా ఎదురుచూస్తుంది. ఎలాగైనా మొటిమలు పోగొట్టుకోవాలని ముఖం బూడిదతో రుద్దింది. మంట పుడితే చల్లదనానికి వలిసె నూనె పూసింది. రెండు రోజుల్లో అవి ఇంకా ఉబ్బాయి.

మూడో రోజు దేవమణి నర్సమ్మ మందుల సంచితో బడికి వచ్చింది. స్వర్ణ చున్నీ ముఖానికి చుట్టుకుని మూల కూర్చుంది.

"ఏటే గుంటా, పెళ్లికూతురిలా ఆ ముసుగేటి?"

సుక్రు అనే పిల్లాడు లేచాడు. "కొత్తకి ముందే మామిడికాయ తినేసింది నర్సమ్మా. అందుకే పొక్కులు."

"ఓహో. మాది చర్చికి ఎళ్లే ఇల్లు. కొత్త సెయ్యం. పుట్టిన కాడ్నించీ ఏటేటా ముందే తింటన్నాను. మరి నాకెన్ని ఉండాలిరా?"

సుక్రు ఆమె నున్నటి ముఖం చూసి తల గోక్కున్నాడు. పిల్లలంతా నవ్వారు.

"కొండ ఊట పైపు మూతికి ఆకు అడ్డం పడితే ఏటవుద్ది?" అడిగింది నర్సమ్మ.

"నీళ్లు ఆగిపోతాయి."

"ఇదీ అంతే. మన చర్మానికి సన్న సన్న రంధ్రాలుంటాయి. ఎదిగే వయసులో లోపల నూనె ఎక్కువ ఊరతాది. చచ్చిన చర్మం పొట్టు మూతికి అడ్డం పడితే నూనె లోపలే ఉండిపోద్ది. అందులో క్రిములు పెరిగి వాసిపోద్ది. అదే మొటిమ. తప్పు సేత్తే రాదు. ముట్టుకుంటే అంటదు."

స్వర్ణ మెల్లగా చున్నీ తీసింది.

"బూడిదతో తోమినావా? అది మొకమా, అన్నం గిన్నా? రోజుకి రెండుసార్లు మెల్లగా కడుక్కో. గిల్లకు, నూనె పూయకు. తగ్గకపోతే ఆస్పత్రికి రా."

"మా మామ్మకి సెప్తారా, నాను తిన్లేదని?"

"మొటిమల సంగతి సెప్తాను తల్లీ. కాయ తిన్నదెవులో తేల్చే మందు నా సంచిలో నేదు."

ఆ మందు ఎవరి దగ్గరుందో, వెనక వరసలో కూర్చుని అంతా విన్న కనకకు తెలుసు. బడి వదలగానే అక్క కంటే ముందు ఇంటికి పరుగెత్తింది. మామ్మ సామలు చెరుగుతోంది.

"మామ్మా, కాయ నాను తిన్నాను. అప్ప కాదు."

మామ్మ చేట దింపింది. కనక గడ్డం పట్టుకుని ముఖం ఇటు తిప్పింది, అటు తిప్పింది.

"నీ మొకాన ఒక్క పొక్కూ నేదేటే?"

"తింటే రావంట మామ్మా. ఎదిగితే వత్తాయంట. నానింకా ఎదగలేదు."

"అబద్ధమాడ్డానికి మాత్రం ఎదిగినావు," అంది మామ్మ, వస్తున్న నవ్వు ఆపుకుంటూ. "పండగనాడు నువ్వే ఇంట్లో కూకో."

కనక తలూపింది. బతిమాలలేదు.

పండగ రోజు పొద్దున్నే కనక చెంబుతో నీళ్లు తెచ్చి అక్క ముందు పెట్టింది. "మెల్లగా కడుక్కో అప్పా. బేగి ఎళ్లు, డప్పులు మొదలెట్టేసినారు."

స్వర్ణ ముఖం కడుక్కుని, చెల్లి జడ ఒకసారి లాగి, పరుగున వెళ్లి ఆడపిల్లల వరసలో చేరిపోయింది. మొటిమలు అలాగే ఉన్నాయి.

కనక వాకిట్లో ఆరబోసిన చింతపండుకు కాపలా కూర్చుంది. కూర్చుందన్న మాటే గానీ, డప్పు మోగినంతసేపూ కాళ్లు మాత్రం ఊరుకోలేదు.