రోజలిండ్‌కి ఏడు సెకన్లు

"ఆ షిప్పులో ఎన్నేళ్లు చేసినావు ప్రకాశం?"

"ఇరవై రెండేళ్లు సార్. ఫస్ట్‌క్లాస్ స్టూవర్డుగా."

"అయితే అది మునక్కుండా చూసే పని నీదే."

నెల్లూరు ట్రంకు రోడ్డులో టైపు ఇన్‌స్టిట్యూట్ వెనక గది. గూఢచారి శాఖ చీఫ్ పద్మనాభయ్య గడియ పెట్టి మ్యాపు పరిచాడు. బయట ఇరవై మిషన్లు టకటకలాడుతుంటే లోపలి మాట గడప దాటే ప్రసక్తే లేదు.

1961. బ్రీఫింగ్ ఐదు నిమిషాల్లో ముగిసింది. ఎస్.ఎస్. రోజలిండ్ నెలన్నరలో విశాఖపట్నం మీదుగా మద్రాసుకు వస్తోంది. ప్యాసింజర్లు ఆరువందల మంది. అడుగున సరుకులుంచే హోల్డులో మన నేవీ తెప్పించుకున్న రాడార్ పరికరం. దానికోసం ఒక విదేశీ ముఠా వాకాడు తీరంలో దిగింది. నాయకుడు ప్రొఫెసర్ వాల్డెక్, పైకి పిట్టల మీద రీసెర్చి.

"వాళ్ల ప్లాను ఏందో తెలీదు. ముఠాలో మన డబుల్ ఏజెంటు ఉండాది. 'సముద్రం పాలమాదిరి ఉండాదే' అంటుంది. 'తోడు పెట్టమంటారా' అని నువ్వనాల."

జ్ఞానప్రకాశం మ్యాపు మీద రోజలిండ్ దారిని వేలితో తడిమాడు. భార్య మగ్దలీనమ్మ పోయాక అతనికి ఆ షిప్పే ఇల్లయింది. ఉన్నవాళ్లంతా విమానాలెక్కడం మొదలుపెట్టేసరికి కంపెనీ సగం మంది స్టూవర్డులను దింపేసింది. అందులో ఇతనొకడు. మూడేళ్లయినా నేల మీద నిద్రపట్టదు పాపం.

సముద్రపు ఒడ్డు ట్రావెలర్స్ బంగళాలో బట్లరు వేషం. మీసం తీసేశాడు. వాచీలో కెమెరా. నలభై రోజులు ప్రొఫెసర్ గదికి ట్రేలో ఆమ్లెట్లు మోయడం, సాయంత్రం వరండాలో ఒక్కడే కూర్చోవడం. పలకరించే దిక్కల్లా చేపలు తెచ్చే ముసలమ్మ ఒక్కతే.

"ఏంది బట్లరా, నీకెవరూ లేరా?"

"ఉండారు. ఈ దోవనే వస్తారు."

రోజలిండ్ ఒడ్డుకు దగ్గరగా పోతుందని అతనికి తెలుసు. ఒక్కసారి చూస్తే చాలనుకున్నాడు. ఆ ఆశతోనే నలభై రోజులు గడిచాయి.

నలభై ఒకటో రోజు మధ్యాహ్నం ఎర్ర కారులోంచి సామ్రాజ్యం అనే ఆవిడ దిగింది. నల్లకళ్లద్దాలు, నైలాన్ చీర, పెదాలకు రంగు. ప్రొఫెసర్ వంగి ఆమె చేతిని ముద్దు పెట్టుకున్నాడు. అబ్బో, ఆ వైభోగం చూడాలి!

అతిథి వచ్చింది కాబట్టి మొదటిసారి హాల్లో భోజనం. బట్లరు బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, నీళ్లు చిలకరించి, అరచేత్తో తడిమి, అప్పుడు ప్లేట్లు పెట్టాడు. షిప్పు ఊగినా ప్లేట్లు జారకుండా స్టూవర్డులు చేసే పని అది. బంగళా ఊగుతుందా ఎక్కడైనా! ఇరవై రెండేళ్ల అలవాటు, చెయ్యి దాని పని అది చేసుకుపోయింది.

ప్రొఫెసర్ గమనించలేదు. భోజనమయ్యాక సామ్రాజ్యం వంటింట్లోకి వచ్చి, బుల్లి పిస్తోలు అతని నడుముకు ఆనించింది.

"ఏ షిప్పులో చేసినావు?"

అతను ప్లేటు తుడుస్తూనే ఉన్నాడు.

"రంగూన్ లైను షిప్పుల్లో మూడేళ్లు పాటలు పాడినా నేను. తడిగుడ్డ నాకు తెలీదా?" ఆమె కిటికీలోంచి చూసింది. "సముద్రం పాలమాదిరి ఉండాదే."

"తోడు... తోడు పెట్టమంటారా?"

పిస్తోలు బ్యాగులోకి పోయింది. "ఏం మనిషివయ్యా! వాడు చూసుంటే ఈపాటికి ఇద్దరం చేపలకు మేత."

"తప్పేనమ్మా."

"ఈ పొద్దే పని. లైట్‌హౌస్ వాళ్లను కట్టేసి, చీకటి పడినా ఆ దీపం వెలగనీరు. దానికి నాలుగు మైళ్లు ఉత్తరాన, మన సరుగుడు తోపులో ప్రొఫెసర్ పిట్టలను చూసే మంచె లేదూ? దాని మీద అట్లాంటి దీపమే పెట్టినారు. లైట్‌హౌస్ దాకా వచ్చినాం, ఇసుక మెరక దాటేసినాం గదా అని షిప్పు ఒడ్డు వైపు తిరుగుతుంది. నిజానికి ఆ మెరక ఇక్కడే, నీళ్ల కింద."

"ఫోను?"

"తీగలు కోసేసినారు."

పొద్దుగుంకింది. ముఠా మనుషులు లైట్‌హౌస్ దగ్గరున్నారు. మంచె మీద ప్రొఫెసర్ ఒక్కడే దీపం వెలిగించి, గడియారపు మరను తిప్పి వదిలాడు. అచ్చం లైట్‌హౌస్‌లాగే పది సెకన్లకొక మెరుపు. వెనకే ఎక్కిన సామ్రాజ్యం ప్రేమగా సెంటు సీసా అతని ముక్కుదాకా తెచ్చి నొక్కింది. ఆ గ్యాసు దెబ్బకు పిట్టల శాస్త్రజ్ఞుడు పిట్టలాగే రాలాడు. కింద పొంచి ఉన్న జ్ఞానప్రకాశం మంచె ఎక్కాడు.

ఉత్తరాన మూడు వరసల దీపాలతో రోజలిండ్! అప్పుడే ఒడ్డు వైపు తిరుగుతోంది.

సామ్రాజ్యం పిస్తోలు దీపానికి గురిపెట్టింది.

"వద్దు!" జ్ఞానప్రకాశం అరిచాడు. "ఆరిపోతే మెరక దాటినామనే అనుకుంటారు, ఇట్లాగే వచ్చేస్తారు. రోజూ సాయంత్రం షిప్పు నడిపే బ్రిడ్జి మీదికి కాఫీ తీసకపోయేవాణ్ణి. సెకండ్ ఆఫీసరు వాచీ పట్టుకుని ప్రతి దీపానికీ లెక్కపెడతాడు. లెక్క తప్పిందంటే తెలియని దీపమని షిప్పును సముద్రంలోకి తిప్పేస్తారు."

దీపం చుట్టూ తిరిగే, కాలుతున్న ఇత్తడి చట్రాన్ని రెండు చేతులా పట్టుకుని తోశాడు. ఒకటి, రెండు, మూడు... ఏడు. మెరుపు. మళ్లీ ఏడు. మళ్లీ మెరుపు. చేతుల చర్మం ఊడి వస్తోంది.

షిప్పు దగ్గరికొచ్చింది. బ్యాండు వినిపిస్తోంది. ఫస్ట్‌క్లాస్ డైనింగ్ హాలు కిటికీలు ఒక్కొక్కటీ గుర్తుపట్టాడు. ఇంకాస్త రానిస్తే మనుషుల మొహాలు కూడా కనిపిస్తాయి. రానిస్తే ఆరువందల మందీ పోతారు. పళ్లు బిగించి తోశాడు. ఏడు.

ఒక్కసారిగా హారన్ మోగింది. రోజలిండ్ ముక్కు మెరకకు గజాల దూరంలో సముద్రం వైపు మళ్లింది. దీపాల వరసలు మూడూ ఒకటై, చివరికి అదీ లేకుండా పోయింది.

"పోతా ఉంది," అని జ్ఞానప్రకాశం చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. సామ్రాజ్యం అతని భుజం మీద చెయ్యి వేసి, కాసేపుంచి, తీసేసింది. తెల్లారేలోగా ఆమె ఇంకో పేరుతో ఇంకో ఊళ్లో ఉండాలి.

వారం తర్వాత టైపు ఇన్‌స్టిట్యూట్ వెనక గది. ముఠా మొత్తం దొరికింది. లైట్‌హౌస్ వాళ్లు క్షేమం. పద్మనాభయ్య ఒక కాగితం తీసి, గొంతు సవరించుకున్నాడు.

"రోజలిండ్ కెప్టెన్ ఫిర్యాదు రాసినాడు. 'ఆ సాయంత్రం లైట్‌హౌస్ దీపం పదికి బదులు ఏడు సెకన్లకు వెలిగింది. దాన్ని చూసుకునే పనికిమాలినవాడికి పది దాకా లెక్క రాదు. తక్షణం ఉద్యోగంలోంచి తీసేయండి.' మనం నిజం చెప్పేందుకు లేదు. చించేయమంటావా?"

"వద్దు సార్." జ్ఞానప్రకాశం కట్లు కట్టిన చేతులు చాచాడు. "నాకిచ్చేయండి. షిప్పు దిగినాక వాళ్ల దగ్గర్నుంచి నాకొచ్చిన ఉత్తరం ఇదొక్కటే."