చెవిలో లెక్క

వర్షం అప్పుడే వెలిసింది. హోటల్ లాంజిలో ఇంకా జనం చేరలేదు. ఉజ్వల గిటారు శ్రుతి చేసుకుని, లాప్‌టాప్ తెరిచి, కుడిచెవిలో ఇయర్‌పీస్ పెట్టుకుంది. అందులోంచి తిరుమలేష్ గొంతు పలికింది.

"ఒన్, టూ, త్రీ, ఫోర్."

వెనకే డ్రమ్స్ మొదలయ్యాయి. బాగానే పనిచేస్తోందని ఆపేసింది. చనిపోయిన మనిషి గొంతు రోజూ చెవిలో పెట్టుకోవడం ఆమెకి అలవాటైపోయింది. ఇలాంటివి మనుషులకి ఎంత త్వరగా అలవాటవుతాయో చూస్తే ఒళ్ళు మండుతుంది.

డ్రమ్స్ లాంజి అంతటికీ వినిపిస్తాయి. లెక్క మాత్రం పాడేవాళ్ళ చెవిలోనే. "త్రీ" దగ్గర ఊపిరి తీసుకోవాలి, "ఫోర్" కాగానే పాట ఎత్తుకోవాలి. అలా నేర్పిందీ ఆయనే. పాడేవి ఇంగ్లీషు బ్లూస్ అయినా, మధ్యలో ఆయన అందించే సూచనలు అచ్చ తెలుగు: "పల్లవి", "చరణం", "ఆఖరు".

తిరుమలేష్ పుట్టింది సింగపూర్‌లోనే. కుర్రతనం నుంచీ హోటళ్ళలో డ్రమ్స్ వాయించాడు. సెంగ్‌కాంగ్ ఫ్లాట్‌లో డ్రమ్స్ ముట్టుకుంటే పక్కింటివాళ్ళు తలుపు బాదుతారని, ఇంట్లో దిండు మీద సాధన చేసేవాడు. అయిదుగురి బ్యాండు ముగ్గురై, చివరికి వీళ్ళిద్దరే మిగిలారు. "రికార్డు ఉంటే డ్రమ్మర్ ఎందుకు?" అని లాంజివాళ్ళు అడిగిన రోజున ఉజ్వల ఆయనకి ఫోన్ చేసింది. "అంకుల్, నా ప్రాక్టీసుకి పాటలన్నీ రికార్డు చేసి పెట్టరా?" అంది. ఎందుకో ఆమెకి తెలుసు. ఆయనకి తెలీదు. సంబరంగా కూర్చుని అన్నీ వాయించి, లెక్కలు చెప్పి ఇచ్చాడు. తన మెడకి తాడు తనే పేనుకున్నాడు పాపం.

ఆ తర్వాత ఆయన సైకిల్ మీద ఇళ్ళకి భోజనాలు చేరవేసే పనిలో కుదిరాడు. టాంపినీస్‌లో ఒకనాడు జోరువానలో సైకిల్ తొక్కుతూనే గుండె పట్టుకుని కూలిపోయాడు. ఉజ్వల అంత్యక్రియలకి వెళ్ళింది, ఏడ్చింది. మర్నాడు అదే రికార్డు పెట్టుకుని పాడింది.

ఫోన్ మోగింది. తిరుమలేష్ భార్య రాజకుమారి.

"అమ్మాయ్, ఆయన గొంతున్న ఫైలు పంపుతానన్నావు. మా దగ్గర ఒక్కటీ లేదమ్మా. ఒక్కసారి వింటాను."

"రేపు తప్పకుండా పంపిస్తా ఆంటీ."

ఆ రేపు చాలాసార్లు వచ్చిపోయింది. ఫైలు చేతికిస్తే, మా ఆయన్ని పెట్టుకుని సంపాదిస్తున్నావా అని ఆవిడ అడుగుతుందేమోనని ఉజ్వల భయం. అసలే ఈ రాత్రి వేరే గండం ఉంది. ఇంకో హోటల్ మేనేజర్ లిమ్ ఆమె పాట వినడానికి వస్తున్నాడు. నచ్చితే ఏడాది ఒప్పందం. ఉజ్వల బ్యాంకు ఉద్యోగం వదిలేసి పాటని నమ్ముకున్న మనిషి. ఇది రాకపోతే వీసా అయిపోతుంది, ఈ దేశం వదిలి వెళ్ళాలి.

లిమ్ వచ్చాడు. ముందు బల్ల దగ్గర కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. మొదటి పాట సాఫీగా సాగింది. రెండో పాట ముందు నొప్పుల బామ్ వాసన వేసింది. వాయించే ముందు తిరుమలేష్ మణికట్లకి రాసుకునే బామ్. ఎవరో ముసలి టూరిస్టు రాసుకుని ఉంటాడులే అనుకుంది.

"మకాన్ అయిందా అమ్మాయ్?"

ఉజ్వల వేళ్ళు తీగల మీద ఆగిపోయాయి. భోజనం అయిందా అని ఆయన రోజూ స్టేజీ ఎక్కేముందు అడిగే మాట అది. కానీ రికార్డులో లేదు. ప్రతి ఫైలూ తనే కత్తిరించింది, తనే అతికించింది.

"ఒన్, టూ, త్రీ, ఫోర్."

భయానికి టైమెక్కడుంది? లిమ్ వింటున్నాడు. పాడింది.

ఆఖరి పాటకి వచ్చేసరికి చొక్కా వీపుకి అంటుకుపోయింది. పల్లవి... చరణం... పల్లవి. ఇక "ఆఖరు" అనాలి.

"ఇంకోసారి."

పాడింది. జనం చప్పట్లు కొట్టారు.

"ఇంకోసారి."

గొంతులో మంట. లాప్‌టాప్ వైపు చూసింది. పాట ఎప్పుడో అయిపోయింది. తెర మీద గీత కదలడం లేదు. అయినా డ్రమ్స్ మోగుతూనే ఉన్నాయి... కాదు, డ్రమ్స్ కాదు. మెత్తగా, థప్... థప్... దిండు మీద కొట్టినట్టు.

జనం కాళ్ళు ఆ దెబ్బకి కదులుతున్నాయి. అందరివీ. ఒక్కసారే.

ఇయర్‌పీస్ పీకేసింది. అది మెడ మీదుగా వేలాడుతోంది. చెవి ఖాళీ.

"ఇంకోసారి అమ్మాయ్."

"వద్దు అంకుల్..." పాట మధ్యలో గొణిగింది. "తప్పయిపోయింది. వదిలెయ్యండి."

చాలాసేపు దెబ్బ మాత్రమే. ఆమె పాడుతూనే ఉంది. చివరికి, ఎంతో అలసటగా...

"ఆఖరు."

లాంజి హోరెత్తిపోయింది. ఉజ్వల గిటారు దించి కుర్చీలో కూర్చుంది. లిమ్ నవ్వుతూ వచ్చాడు.

"సూపర్! ఒక్కరే పాడతారని విన్నాను. ఇద్దరని చెప్పలేదే?"

"ఇద్దరా?"

"మీ డ్రమ్మర్. చీకట్లో కూర్చోబెట్టారెందుకు? మొహం కనపళ్ళేదు కానీ, మీ మీదనుంచి చూపు తిప్పలేదు." లిమ్ కాగితాలు తీశాడు. "మా హోటల్‌కి జంటే కావాలి. ఆయన లేకపోతే వద్దు. ఇద్దరి పేర్లూ రాసెయ్యండి."

నిజం చెబితే ఉద్యోగం లేదు. ఉజ్వల వెనక్కి చూసింది. ఖాళీ గోడ, తన గిటారు పెట్టె. కలం తీసుకుని తన పేరు కింద తిరుమలేష్ అని రాసింది. ఆయన్ని పనిలోంచి తీయించిన చేత్తోనే ఏడాదికి పనిలో పెట్టింది.

రైల్లో జనం మధ్య కూర్చున్నాక కాస్త గుండె కుదుటపడింది. ఇంటికెళ్ళగానే ఆంటీకి ఫైలు పంపాలి, తర్వాత దాన్ని తుడిచెయ్యాలి అనుకుంది. రాజకుమారి నుంచి మెసేజీ వచ్చింది.

"ఫైలు తీరిగ్గా పంపు తల్లీ. ఒకటి అడుగుతా, ఏమనుకోకు. ఆయన దిండు నువ్వేమైనా తీసుకెళ్ళావా? పొద్దున మంచం మీదే ఉంది. తలుపు తాళం వేసినట్టే ఉంది."

ఉజ్వల ఆ మెసేజీ మళ్ళీ చదివింది. ఇయర్‌పీస్ సంచిలో, పెట్టెలో, మూతపెట్టి ఉంది. బోగీలో బామ్ వాసన.

"ఒన్..."

లేచి నిలబడింది. పక్కనున్నవాళ్ళు ఫోన్లలోంచి తలెత్తలేదు.

"టూ... త్రీ..."

అలవాటు చొప్పున ఛాతీ దానంతట అదే నిండుగా ఊపిరి తీసుకుంది. ఇక "ఫోర్" అనాలి. ఆయన అంటేనే ఆమె ఊపిరి వదలగలదు.

స్టేషను వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి.

ఆయన ఇంకా ఏమీ అనలేదు.