పనిలేదన్న పడవ

"వీపు తిప్పు," అన్నాడు డైరెక్టర్ ప్యో.

తాక్ మున్‌గ్యు తిప్పాడు. ఉదయం ఆరు గంటలకు, గోజిన్ రేవు స్నానాలశాలలో, వేడినీళ్ల తొట్టి పక్కన ఒంటి మీద నూలుపోగు లేకుండా కూర్చుని ఒకరి వీపు ఒకరు రుద్దుకుంటున్న ఇద్దరు నడివయసు మగాళ్లను చూసి, వీళ్లు దేశ రక్షణ గురించి మాట్లాడుకుంటున్నారని ఎవడనుకుంటాడు? ప్యో ఈ చోటు ఎంచుకున్నది అందుకే. మైకు దాచాలంటే ముందు జేబంటూ ఉండాలి కదా!

ఆకుపచ్చ గరుకు గుడ్డతో బరబరా రుద్దుతూ, ప్యో పెదవులు కదిలీ కదలకుండా చెప్పాడు.

"ఉత్తరం నుంచి ఒక చెక్క పడవ వస్తోంది. స్క్విడ్ పట్టే పడవ. పదకొండున్నర ప్రాంతంలో హద్దు దాటుతుంది. లోపల పేలుడు సామాను, నలుగురు కమాండోలు. సరాసరి ఈ రేవులోకొచ్చి పేల్చుకుంటారట."

"సోర్స్?"

"ఎర్రకోటు."

"కన్ఫర్మ్ అయిందా?"

"అయితే నీ వీపు రుద్దే ఖర్మ నాకేం? నేవీకి ఆర్డరు వెళ్లిపోయింది. రేడియోలో మూడుసార్లు అడుగుతారు. మూడుసార్లూ సరైన జవాబు రాకపోతే ముంచేస్తారు. మనం ముంచితే వాళ్లు ఊరుకుంటారా? 'మా పడవ మీద ఒక్క గుండు పడితే మీ తీరం తగలబెడతాం' అని నిన్న రేడియోలో గొంతు చించుకున్నారు. కొండల వెనక వాళ్ల ఫిరంగుల మీద ముసుగులు తీసేశారు. ఆ పడవలో నిజంగా బాంబుంటే ముంచి తీరాలి. లేకపోతే ముంచకూడదు. ఏదన్నది నువ్వు తేల్చాలి."

"ఐదున్నర గంటలు."

"ఐదుంపావు. ఇంకా సగం వీపు మిగిలుంది."

మున్‌గ్యు కళ్లు మూసుకున్నాడు. మనిషి చెయ్యి వీపున పడి నాలుగు నెలలైంది. పైఅధికారి చెయ్యి ఇంకాసేపు అక్కడే ఉంటే బాగుండునని అనిపించినందుకు యాభై ఒక్క ఏళ్ల గూఢచారికి సిగ్గేసింది.

బయట ఊరు ఊరులా లేదు. కొట్లలో నూడుల్స్ పొట్లాలు మూడు రోజుల కిందటే అయిపోయాయి. సైనికుల సెలవులు రద్దు. హద్దు దగ్గర లౌడ్‌స్పీకర్లు మళ్లీ మొదలయ్యాయి. గాలి ఇటు తిరిగితే వాళ్ల కవాతు పాటలు చేపల వేలం దాకా వినపడుతున్నాయి.

వేలంలో ట్రేలు సర్దుతున్న ఆడమనిషి ఒకావిడ అతన్ని చూసి కేకేసింది. "ఏం చెవిటి తాక్! యుద్ధమొస్తే సైరన్ వినపడుద్దా నీకు?"

"ఆఁ? సైజా? పెద్ద సైజే కావాలి!"

ఆడవాళ్లంతా విరగబడి నవ్వారు. పదకొండేళ్లుగా ఇదే వేషం. పడవల్లో రేడియోలు, చేపల జాడ పట్టే యంత్రాలు బాగుచేసే చెవిటి మెకానిక్. చెవిలో పెట్టుకున్న మిషను నిజానికి రిసీవరు. ఊళ్లో అతను బాగుచేసిచ్చిన రేడియోల్లో ఏడింటి కడుపులో మైకులున్నాయి. చెవిటివాడి ముందు జనం ఏదైనా మాట్లాడేస్తారు. కానీ చెవిటివాడితో ఎవరూ మాట్లాడరు. ఆ రెండో సంగతి శిక్షణలో ఎవరూ చెప్పలేదు. రేవు పక్కన చేపల పులుసు హోటల్లో ఒక్కరికని వండరు, ఇద్దరికైతేనే పొయ్యి మీద పెడతారు. పదకొండేళ్లుగా అతను ఇద్దరి పులుసు చెప్పి, ఎదుటి గిన్నె ముట్టకుండా లేచి వస్తున్నాడు.

ఇంకో సంగతి ప్యోకి మాత్రమే తెలుసు. మున్‌గ్యు పుట్టింది ఉత్తరంలో, చోంగ్‌జిన్‌లో, సోంగ్‌ప్యోంగ్ రేవు దగ్గర. పందొమ్మిదో ఏట నది దాటి వచ్చేశాడు. పళ్ల మధ్య పెన్సిలు పెట్టుకుని రెండేళ్లు కూర్చుని తన యాసను తానే చెరిపేసుకున్నాడు. అమ్మ పోయిందన్న కబురు పోయిన నాలుగేళ్లకు తెలిసింది. అప్పుడు కూడా ఏడ్చింది దక్షిణం భాషలోనే.

తొమ్మిది గంటలకు హేరాన్ కాఫీ హోటలుకు వెళ్లాడు. సొక్ హేరాన్ గల్లా దగ్గర ఎర్రకోటు వేసుకుని పెదాలకు రంగు దిద్దుకుంటోంది. నలభై దాటినా రేవులో పడవ యజమానులు మూడు పూటలా కాఫీ తాగడానికి ఆవిడే కారణం. ఇక్కడి రహస్యాలు అటు, అటువి ఇటు చేరవేస్తుందని రెండు వైపులవాళ్లకూ తెలుసు. తెలిసే వాడుకుంటున్నారు.

"మీ రేడియో గరగరలాడుతోందట కదా?" అన్నాడు గట్టిగా. అది కోడ్.

"గరగర కాదు అన్నయ్యా, గుసగుస. లోపలికొచ్చి చూడు."

వెనక గదిలో ఆవిడ రేడియో శబ్దం పెంచింది. మున్‌గ్యు స్క్రూడ్రైవరు తీసి, మూత విప్పుతూ మెల్లగా అన్నాడు. "'ముంచేదాకా నోరు మెదపకు.' నిన్న సాయంత్రం నాలుగింటికి, ఇదే గదిలో. ఎవడు వాడు?"

హేరాన్ మొహంలో రంగు తప్ప ఇంకేమీ మిగల్లేదు. రేడియో కడుపులోకి వంగి చూసింది.

"ఓరి నీ పనితనం తగలెయ్య! మే నెలలో బాగుచేసిచ్చింది ఇందుకా?"

"హేరాన్. టైం లేదు."

ఆవిడ కుర్చీలో కూలబడింది. "జిన్సెంగ్ వేర్ల వ్యాపారినని చెప్పుకుంటున్నాడు. పై వీధి సత్రంలో దిగాడు. వాళ్ల నిఘా ముఠాలో మనిషి. ఆ పడవలో బాంబూ లేదు, పాడూ లేదు. ఒక కర్నల్ ఉన్నాడు. ఫిరంగులు ఎక్కడ పెట్టారో, ఎప్పుడు పేలుస్తారో రాసిన కాగితం వాడి దగ్గరుంది. వాడి పెళ్లాం, అత్త, ఇరుగుపొరుగు, మొత్తం పదకొండు మంది పారిపోయి వస్తున్నారు. వాళ్లే పట్టి చంపితే కర్నల్ ఒక్కడే పోతాడు. మీ చేత చంపిస్తే కర్నలూ పోతాడు, యుద్ధానికి సాకూ దొరుకుతుంది. అందుకే బాంబు కథ నా చేత మీకు చెప్పించారు."

"మరి ఇప్పుడు నిజం ఎందుకు చెప్తున్నావ్?"

"ఫిరంగులు గురిపెట్టింది ఈ రేవుకేనని నిన్ననే తెలిసింది. ఊరే లేకపోతే కబుర్లు ఎవరికి అమ్ముకోను?"

"నువ్వు చెప్పేది నిజమని గ్యారంటీ?"

"నా మాటకా?" హేరాన్ నవ్వబోయింది, నవ్వు రాలేదు. "నువ్వైతే నమ్ముతావా అన్నయ్యా?" కిటికీ వైపు చూస్తూ అంది. "నీకు చెవుడు లేదని నాకు ఆరేళ్లుగా తెలుసు. ఎవరికీ చెప్పలేదు. నేను అమ్మకుండా దాచుకున్న సరుకు అదొక్కటే."

ఆరేళ్లుగా తన నిజం తెలిసిన మనిషి ఒకరు రోజూ తనకు కాఫీ కలిపిచ్చిందన్నమాట! మున్‌గ్యు రేడియో మూత బిగించి లేచాడు.

ఫోన్లో ప్యో పళ్లు నూరాడు. "మొన్న అలా చెప్పింది, ఇవాళ ఇలా చెప్తోంది. రేపు ఇంకోటి చెప్తుంది. సత్రానికి మనవాళ్లను పంపిస్తా. కానీ రుజువు లేకుండా నేవీని ఆపమంటే నన్ను పిచ్చోడంటారు. నువ్వు కొండ మీద రేడియో గదికి పో. పడవ ఏం జవాబిస్తుందో విను. ఆ జవాబే రుజువు."

రేడియో గదిలో డ్యూటీ ఆఫీసరు లెఫ్టినెంట్ దోజున్. దక్షిణపు కొసనున్న ఊరివాడు, ఇరవై ఆరేళ్లవాడు. నిద్రలేక కళ్లు ఎర్రబడ్డాయి. మెకానిక్ జేబులోంచి గూఢచార సంస్థ కార్డు తియ్యగానే గబుక్కున లేచి సెల్యూట్ కొట్టాడు. "సార్, మీరు... మీకు వినపడుతుందా సార్?"

"కొంచెం. కూర్చో."

పదకొండూ ఇరవై ఎనిమిదికి తెర మీద చుక్క కనిపించింది. రెండు కిలోమీటర్ల ఇవతల గన్‌బోట్ కాచుకుని ఉంది. లెఫ్టినెంట్ మైకు అందుకున్నాడు.

"ఉత్తరం పడవా! హద్దు దాటుతున్నారు. ఇంజను చెడిపోయిందా? సాయం కావాలా?"

గరగర. తర్వాత ఒక ముసలి గొంతు అంది. "ఇరొప్సో!"

లెఫ్టినెంట్ మొహం కందిపోయింది. ఇరొప్సో అంటే పనిలేదు. నీతో నాకేం పని, పోవోయ్ అని. సామాన్లు అమ్ముకునేవాళ్ల మొహాన తలుపేసేటప్పుడు అనే మాట.

"ఎంత పొగరో చూశారా సార్!" అని రెండోసారి నొక్కాడు. "మా మనుషులు పడవెక్కి సోదా చేస్తారు. ఒప్పుకుంటారా?"

"ఇరొప్సో, ఇరొప్సో!"

"రెండుసార్లు తిరస్కరించారు," అని లెఫ్టినెంట్ గన్‌బోట్‌కి చెప్పాడు. "మూడోది అడుగుతున్నా. సిద్ధంగా ఉండండి."

మున్‌గ్యు కూడా తిరస్కారమనే విన్నాడు. హేరాన్ మళ్లీ మోసం చేసిందనుకున్నాడు, ఒళ్లు మండింది. ముప్ఫయ్ రెండేళ్లుగా అతని చెవి ఇటువైపు చెవే. కానీ ఆ రెండో జవాబులో మాట కొస కాస్త పైకి లేచింది. కోపంగా ఉన్నవాడు అలా సాగదియ్యడు. ఎక్కడ విన్నాను, ఎక్కడ విన్నాను అని బుర్ర గింజుకుంది.

"ఇదే ఆఖరు హెచ్చరిక! ఇంజను ఆపకపోతే కాల్చేస్తాం!"

అటువైపు ఇంజను రొద. ఏం విన్నదో ఏమో, ఆ ముసలి గొంతు మళ్లీ ఓపిగ్గా అంది. "ఇరొప్సో..."

"గురి కుదిరింది," అంది గన్‌బోట్ గొంతు. "పది నుంచి లెక్కపెడుతున్నాం. పది. తొమ్మిది."

మోకాలు. మోకాలు చెక్కుకుపోయి నెత్తురు కారుతుంటే, అమ్మ వంగి దెబ్బ మీద ఉఫ్ ఉఫ్ అని ఊదుతూ అదే మాట చనువుగా అనేది. ఇరొప్తా నాన్నా, ఇరొప్తా. ఏం కాలేదులే. పర్లేదులే.

"ఆపు!" మున్‌గ్యు అరిచాడు. "ఆపమను! వాళ్లు పనిలేదనడం లేదు. పర్లేదంటున్నారు!"

"ఏంటి సార్?"

"అక్కడ ఆ మాటకు అర్థం పర్లేదని! సాయమక్కర్లేదు పర్లేదు, సోదా చేసుకోండి పర్లేదు! ఒప్పుకుంటున్నార్రా బాబూ!"

"ఆరు. ఐదు."

"మీకెలా తెలుసు సార్?" లెఫ్టినెంట్ వేలు మీట మీద బిగుసుకుపోయింది. "ఎక్కడ చదివారు?"

చదవడమేమిటి! మున్‌గ్యు మైకు లాక్కున్నాడు. అది అందరూ వినే ఛానల్. రేవులో ప్రతి పడవా వింటోంది. అవతలి ఒడ్డూ వింటోంది. ఒక్క మాట అంటే చెవిటి తాక్ పని అయిపోయినట్టే. ఇక ఏ ఊళ్లోనూ ఏ వేషమూ నిలవదు.

"ఓలబ్బా, పడవలో పెద్దాయనా! ఏ ఊరోలు మీరు?"

ఆ యాస నోట్లోంచి ఎలా వచ్చిందో అతనికే తెలీదు.

"సోంగ్‌ప్యోంగ్ రేవోలం బాబూ! నువ్వెవడివి? మన మాటే మాటాడతన్నావు!"

"మూడు."

"హోల్డ్!" లెఫ్టినెంట్ మీట మీద పడ్డాడు. "కాల్చొద్దు! హోల్డ్, హోల్డ్!"

"రెం..." అన్న గొంతు అక్కడే ఆగిపోయింది.

"తాతా, బేగి ఇంజను ఆపీయండి. అందరూ పైకొచ్చి చేతులు నెత్తి మీన ఎట్టుకోండి. ఏదో తెల్లగుడ్డ ఊపండి. అడిగిందానికి అవునంటే అవుననండి, కాదంటే కాదనండి. ఇరొప్సో అని మాత్రం అనకండి!"

"ఏం? అదేటి తప్పా?"

"ఇక్కడది తిట్టు తాతా."

"ఓరి నాయనో! పేనాలరచేత ఎట్టుకుని ఇంత దూరవొచ్చి నాను తిట్టేనేటి? మరి పర్లేదనడానికి మీకాడ ఏటంటారు?"

మున్‌గ్యు మైకును రెండు చేతులా పట్టుకున్నాడు. "ఏటీ అనొద్దు తాతా. చెయ్యి ఊపండి, చాలు."

దూరదర్శినిలో పదకొండు మంది పడవ పైబల్ల మీదికి రావడం కనిపించింది. ఒక ముసలమ్మ తన లోపరికిణీ విప్పి కర్రకు కట్టి ఊపుతోంది. గన్‌బోట్ వాళ్లు పడవెక్కి అణువణువూ గాలించారు. స్క్విడ్లు, చేపలనూనె డబ్బా, ఉడకబెట్టిన మొక్కజొన్న కండెలు దొరికాయి. బాంబు లేదు. కర్నల్ కాగితం అత్తగారి కోటు అస్తరులో కుట్టి ఉంది. సత్రంలో జిన్సెంగ్ వ్యాపారి ఒక కాలికి బూటేసుకుని రెండోది వెతుక్కుంటూ దొరికిపోయాడు. హేరాన్ మాత్రం దొరకలేదు. కాఫీ హోటల్లో కొక్కేనికి ఎర్రకోటు వేలాడుతోంది, పక్కన కప్పులో అతనికని కలిపిన కాఫీ చల్లారిపోయి ఉంది.

మధ్యాహ్నం మూడింటికి ప్యో ఫోను చేశాడు. "ఫిరంగుల జాతకమంతా మన చేతికొచ్చింది. సాకు దొరకలేదు గనక వాళ్లు ముసుగులు కప్పేసుకుంటున్నారు. శభాష్. రాత్రిలోగా గది ఖాళీ చెయ్యి, నీ గొంతు ఇప్పుడు రెండు దేశాలకీ తెలుసు. ఎక్కడికన్నది తర్వాత చెప్తా."

"పడవవాళ్లను ఒక్కసారి చూడొచ్చా?"

"రూల్ నీకు తెలుసు."

తెలుసు. వచ్చినవాళ్లకు ఏజెంటు మొహం చూపించకూడదు. పడవవాళ్లను కూర్చోబెట్టిన గదిలోకి, అవతలివాళ్లకు తను కనపడని అద్దం ఇవతల నిలబడి చూశాడు. ముసలాయన దుప్పటి కప్పుకుని పులుసన్నం తింటూ, పక్కవాళ్ల గిన్నెల్లోకి తన ముక్కలు తీసి వేస్తున్నాడు. సోంగ్‌ప్యోంగ్ రేవు ఇప్పుడెలా ఉంది, మేడిపళ్లలా ఎర్రటి లాంతర్లు ఇంకా కడుతున్నారా, కొండవాలున మా ఇల్లు ఉందా? అడగాల్సినవి ఎన్నో ఉన్నాయి. నాలుగు అడుగుల దూరం. మున్‌గ్యు అద్దం మీద చెయ్యి పెట్టి, వెంటనే తీసేశాడు.

లెఫ్టినెంట్ దోజున్ బయటికొచ్చాడు. రిజిస్టరు చేతిలో ఉంది.

"సార్, పెద్దాయన ఒకటే గొడవ. రేడియోలో మాట్లాడిన మనూరబ్బాయి ఎక్కడున్నాడు, తిన్నాడా, బాగున్నాడా, వాడికి ఇక్కడెవరైనా ఉన్నారా అని. ఏం చెప్పమంటారు?"

మున్‌గ్యు చెవి మిషను తీసి జేబులో వేసుకున్నాడు.

"ఇరొప్సో అన్నానని చెప్పు."

లెఫ్టినెంట్ కలం ఆగింది. "ఏ అర్థంలో సార్? వాళ్లదా, మనదా?"

"మన అర్థంలోనే," అని తాక్ మున్‌గ్యు మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఆ 'మన' ఏ ఒడ్డుదో అడగడానికి ధైర్యం చాలక, లెఫ్టినెంట్ రిజిస్టరులో రెండూ రాసుకున్నాడు.